బడి బ్యాండుకు కొరత వాద్యాలేనా?

జూన్‌లో బడులు తెరుస్తారు. ఆగస్టు 15 నాటికి బ్యాండు సిద్ధం కావాలి. పల్లెటూరి ఉన్నత పాఠశాలల్లో బ్యాండు మూలపడిందంటే వాద్యాలు లేకనే అంటారు. అది సగం నిజమే.

కొత్తగా చేరిన పిల్లవానికి మొదటి కొద్ది వారాలు డ్రమ్ముతో పనే లేదు. చెక్కపై రబ్బరు ముక్క పరచి పుల్లలు ఆడిస్తే చేయి కుదురుతుంది. బ్యూగిల్ సంగతి వేరు. దానికి మీటలుండవు, పెదవుల బిగింపుతోనే ఐదారు స్వరాలు పలకాలి. అందుకే పాలపళ్లు ఊడి ముందుపళ్లు గట్టిపడ్డ వారికే అది ఇవ్వాలి. ఒకే బ్యూగిల్‌పై నలుగురు నేర్వవచ్చు, నోటికి ఆనించే ముక్క మాత్రం ఎవరిది వారికుండాలి.

కనుక కూలినాలి చేసుకునే తల్లిదండ్రుల చేత ముందుగానే కొనిపించడం తొందరపాటు. బడి సొత్తుగా కొని, పుస్తకంలో రాసుకుని ఎరువివ్వవచ్చు. వానలకు తోలు సడలుతుంది, ప్లాస్టిక్ మూతల డ్రమ్ములే మేలు.

అసలు కొరత నేర్పేవారిది. డ్రిల్లు మాస్టారు అడుగులు వేయించగలరు, దరువు అందరికీ రాదు. బడులు తెరిచిన కొద్ది వారాలకే ఆషాఢం వస్తుంది. ముహూర్తాలు లేక పెళ్లి బ్యాండువారు ఖాళీగా కూర్చునే నెల అది. రోజుకు గంట చొప్పున వారిని పిలిచి, తగిన ప్రతిఫలం ముట్టజెప్పే పని పాఠశాల కమిటీలు చేపట్టవచ్చు. పెళ్లి మేళం వారికి బడిలో ఏం పని అని పెదవి విరిచేవారు లేకపోలేదు. పుల్ల పట్టే తీరు పెళ్లి ఊరేగింపుకైనా, కవాతుకైనా ఒకటే.