పదిహేనేళ్లకు తుక్కు, యాభై ఏళ్లకు వారసత్వం: మధ్యలో ఉన్న కార్ల మాటేమిటి?

శ్రీ విజయ పురం: కారు కొన్న మర్నాటి నుంచే దాని ధర తగ్గడం మొదలవుతుందన్నది అందరికీ తెలిసిన విషయం. ఈ సూత్రాన్ని తలకిందులు చేసేవి క్లాసిక్ కార్లు. ఒక దశ దాటాక వాటికి వయసే విలువను తెచ్చిపెడుతుంది. అయితే ఆ దశ వచ్చే వరకు కారు నిలిచి ఉండాలి. అలా నిలవడం ఎంత కష్టమో అండమాన్ నికోబార్ దీవులను చూస్తే స్పష్టమవుతుంది. ఒకవైపు ఉప్పుగాలి, మరోవైపు ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం. విడిభాగం కావాలంటే ప్రధాన భూభాగం నుంచి రావలసిందే.

ఇవి ప్రకృతి, దూరం పెట్టే పరీక్షలు. వీటికి తోడు దేశమంతటికీ వర్తించే మరో పరీక్షను చట్టం పెడుతోంది. 15 ఏళ్లు నిండిన కారును నిబంధనలు భారంగా పరిగణిస్తాయి. 50 ఏళ్లు నిండిన కారును వారసత్వ సంపదగా గౌరవిస్తాయి. ఈ రెండింటి నడుమ ఉన్న 35 ఏళ్లలో కారుకు ప్రత్యేక గుర్తింపూ లేదు, రక్షణా లేదు. 1980, 1990 దశకాల భారతీయ కార్లకు రేపు ఎంత విలువ ఉంటుందన్నది ప్రధానంగా ఈ అంతరంపైనే ఆధారపడి ఉంది.

విలువకు మూలం జ్ఞాపకం

క్లాసిక్ కార్ల విపణి తీరు అర్థం కావాలంటే అమెరికా 'మజిల్ కార్ల' చరిత్రను చూడాలి. మధ్యస్థ పరిమాణంలోని కారుకు భారీ వీ8 ఇంజిన్‌ను అమర్చి, యువతకు అందుబాటు ధరలో అమ్మడం ఈ తరగతి ప్రత్యేకత. 1964లో వచ్చిన పాంటియాక్ జీటీఓను దీనికి ఆద్యమని చాలామంది భావిస్తారు. కాలుష్య నియంత్రణ చట్టాలు, పెరిగిన బీమా ఖర్చులు, 1973 నాటి చమురు సంక్షోభం కలిసి ఒక దశాబ్దంలోనే ఆ యుగానికి తెర దించాయి. దాంతో ఆ కార్లు కారుచౌక అయ్యాయి.

యౌవనంలో వాటిని చూసి మోజుపడిన తరం చేతిలో డబ్బు ఆడే నాటికి పరిస్థితి మారింది. 'బుల్లిట్' చిత్రంలో కనిపించిన 1968 నాటి ఫోర్డ్ మస్టాంగ్‌ను 1974లో ఒక కుటుంబం 6,000 డాలర్లకు కొన్నది. 2020 జనవరిలో వేలంపాటలో అదే కారు 34 లక్షల డాలర్లు పలికింది. రుసుములతో కలిపితే ఆ మొత్తం 37 లక్షల డాలర్లు దాటింది.

అయితే ఏ తరం మోజూ శాశ్వతం కాదు. 1971 నాటి ప్లిమత్ హెమీ కూడా కన్వర్టిబుల్ ఒకటి 2014లో 35 లక్షల డాలర్లకు అమ్ముడైంది. ఆ తర్వాతి తరం కన్ను మాత్రం 1990 దశకపు జపాన్ కార్లపై పడింది. 'ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్' చిత్రాల్లో వాడిన 1994 నాటి టయోటా సుప్రా ఒకటి 2021లో 5.5 లక్షల డాలర్లు పలకడం ఈ మార్పునకు నిదర్శనం. బాల్యంలో చూసి ఆశపడిన కారును మధ్యవయసులో కొనుక్కోవడమే ఈ విపణిని నడిపించే సూత్రం. ఇంజిన్ శక్తి, వేగం ఆ తర్వాతే.

మన మజిల్ కారు కాంటెస్సా

ఈ సూత్రాన్ని భారతదేశానికి అన్వయిస్తే ముందుగా గుర్తుకు వచ్చే పేరు కాంటెస్సా. బ్రిటన్‌కు చెందిన వాక్స్‌హాల్ నమూనా ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ 1984లో దీన్ని విపణిలోకి తెచ్చింది. పొడవాటి బానెట్, వెడల్పాటి ముఖం చూసి అభిమానులు దీనిని 'భారతీయ మజిల్ కారు' అన్నారు. నిజానికి తొలి కాంటెస్సాకు అమర్చింది అంబాసిడర్‌లో వాడిన 1.5 లీటర్ల ఇంజినే. ఇసుజు 1.8 లీటర్ల ఇంజిన్ వచ్చాకే ఆ ఆకారానికి కొంత బలం చేకూరింది. 2002లో దీని ఉత్పత్తి ఆగిపోయింది.

కాంటెస్సా ఆకర్షణకు బలం కారణం కాదని ఈ చరిత్రే చెబుతోంది. ఆ కారు ఒక హోదాకు చిహ్నం. నాటి సినిమాల్లో ధనవంతుడో ప్రతినాయకుడో దిగిన వాహనం. 1983 డిసెంబరులో వచ్చిన మారుతీ 800 మధ్యతరగతి తొలి కారు. 1985లో వచ్చిన యమహా ఆర్ఎక్స్ 100 నాటి యువకుల కల. ఈ బైకు తయారీ 1996లో నిలిచిపోయినా, బాగా సంరక్షించిన బండ్లకు నేటికీ గిరాకీ తగ్గలేదు.

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనలో ఉన్న నిజాం నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ వంటి కార్లకు రాజప్రాసాదాల నీడ దొరికింది. అవి తిరిగిందీ తక్కువే. కాంటెస్సాలు, మారుతీలు మాత్రం రోజూ రోడ్డెక్కాయి, ఎండావానల్లో నిలిచాయి. అందుకే వాటికి ఇప్పుడు చట్టపరమైన నీడ అవసరం.

35 ఏళ్ల అంతరం

కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలను నోటిఫై చేసింది. తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు నిండిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు ఇవి వర్తిస్తాయి. నంబరు ప్లేటుపై 'వీఏ' అక్షరాలు ఉంటాయి. 20,000 రూపాయల రుసుముతో పదేళ్లకు రిజిస్ట్రేషన్ లభిస్తుంది. తర్వాత పునరుద్ధరణకు 5,000 రూపాయలు చెల్లించాలి. ప్రదర్శన, ర్యాలీ, సాంకేతిక పరిశోధన, ఇంధనం, నిర్వహణ అవసరాలకే రోడ్డెక్కాలి. వాణిజ్య వినియోగం నిషిద్ధం. ఇవి సహేతుకమైన షరతులే.

చిక్కంతా 50 ఏళ్ల గడువు దగ్గరే ఉంది. తొలి మారుతీ 800 ఈ అర్హతను 2033లో పొందుతుంది. తొలి కాంటెస్సా 2034 వరకు, చివరి కాంటెస్సా 2052 వరకు వేచి ఉండాలి. అప్పటి వరకు అవి చట్టం దృష్టిలో కేవలం పాత వాహనాలు. 15వ ఏట మొదలుకొని ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ నిరూపించుకొని రిజిస్ట్రేషన్‌ను పునరుద్ధరించుకోవాలి.

15 ఏళ్లు దాటిన సొంత కారుకు ఈ రుసుమును 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5,000కు పెంచారు. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 రూపాయలుగా నిర్ణయించారు. ఈ లెక్కన 50 ఏళ్లకు చేరేలోపు ఒక కారుకు ఏడుసార్లు పునరుద్ధరణ అవసరం. మొత్తం రుసుము సుమారు 65,000 రూపాయలు. దిగుమతి చేసుకున్న కారుకైతే తొలిసారి 40,000, ఆపైన ప్రతిసారీ 80,000 చొప్పున ఐదు లక్షల రూపాయలు దాటుతుంది. పన్నులు, మరమ్మతుల ఖర్చు వీటికి అదనం. 50వ ఏట వారసత్వంగా గుర్తించబోయే కారును అప్పటి వరకు వదిలించుకోమని నిబంధనలే ప్రోత్సహిస్తున్నాయన్నమాట.

ఇతర దేశాల్లో

చారిత్రక వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫివా నిర్వచనం ప్రకారం కనీసం 30 ఏళ్ల వయసు ఉండి, మూలరూపంలో సంరక్షితమై, నిత్య ప్రయాణానికి వాడని వాహనం చారిత్రకమైనది. జర్మనీలో 30 ఏళ్లకే ప్రత్యేక నంబరు ప్లేటు ఇస్తారు. బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటితే రోడ్డు పన్ను మినహాయింపు ఉంది. 25 ఏళ్లు దాటిన విదేశీ కార్ల దిగుమతికి అమెరికా భద్రతా ప్రమాణాలను సడలిస్తుంది. వీటన్నింటితో పోలిస్తే భారత్ పెట్టిన గడువే సుదీర్ఘం.

దీవులు నేర్పే పాఠం

ఈ సమస్య అండమాన్‌లో మరింత తీవ్రంగా కనిపిస్తుంది. విశాఖపట్నం, చెన్నై, కోల్‌కతాల నుంచి సుమారు 1,200 కిలోమీటర్లు సముద్రం దాటి ఇక్కడికి సరకు చేరాలి. 2011 జనగణన ప్రకారం దీవుల జనాభాలో సుమారు 13 శాతం తెలుగువారే. వారి వాహనాలకైనా ఇదే దారి. దీవులకు వెన్నెముక వంటి అండమాన్ ట్రంక్ రోడ్డుపై జరవా గిరిజన అభయారణ్యం మీదుగా వాహనాలు కాన్వాయ్‌గా, పరిమిత వేగంతో సాగాలి. మజిల్ కారు వేగానికి ఇక్కడ విలువ లేదు. తుప్పును తట్టుకునే శక్తికే విలువ.

వింటేజ్ హోదా కోరే వాహనం మూలరూపంలో ఉండాలనీ, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో మార్పులతో కూడిన భారీ మరమ్మతులు జరిగి ఉండకూడదనీ నిబంధన చెబుతోంది. పొడి వాతావరణం ఉన్న రాజస్థాన్‌లో ఇది సాధ్యమే. సముద్ర తీరాల్లో మాత్రం తుప్పు తిన్న రేకును కోసి కొత్తది అతికించనిదే బండి నిలవదు. కారును బతికించే పనే దాని అర్హతపై ప్రశ్నలకు తావిస్తుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరపట్టణాల యజమానులకూ ఈ ఇబ్బంది కొంతమేర తప్పదు.

మధ్యే మార్గం

తుక్కు విధానం వెనుక బలమైన కారణాలే ఉన్నాయి. పాత ఇంజిన్లు ఎక్కువ కాలుష్యాన్ని వెదజల్లుతాయి. భద్రత విషయంలోనూ అవి నేటి ప్రమాణాలకు తూగవు. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్, 15 ఏళ్లు దాటిన పెట్రోలు వాహనాలపై నిషేధాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. రోజూ వంద కిలోమీటర్లు తిరిగే పాత వాహనానికి రాయితీ ఇవ్వాలని ఎవరూ కోరలేరు.

అయితే ఏడాదికి కొన్ని వందల కిలోమీటర్లు మాత్రమే తిరిగే సంరక్షిత కారును అదే గాటన కట్టడం సబబు కాదు. ఇందుకు కొత్త యంత్రాంగం కూడా అక్కరలేదు. వింటేజ్ దరఖాస్తుల పరిశీలనకు నోడల్ అధికారి, తనిఖీ కమిటీ ఉండాలని 2021 నిబంధనలే చెబుతున్నాయి. 30 ఏళ్లు నిండిన వాహనాలకు పరిమిత వినియోగం షరతుతో 'క్లాసిక్' తరగతిని ఏర్పరచి, ఆ కమిటీలకే పరిశీలన బాధ్యత అప్పగించవచ్చు. తీరప్రాంతాల్లో తుప్పు కారణంగా, పాత కొలతలకు అనుగుణంగా జరిపిన మరమ్మతును మార్పుగా పరిగణించరాదన్న వివరణ ఒక్కటి చేరిస్తే చాలు.

ఈ కార్లు కోట్లకు అమ్ముడవుతాయని ఆశించడం అత్యాశే. వాటి విలువను వేలంపాటతోనే కొలవనక్కరలేదు. ఒక తరం తొలిసారి సొంత వాహనంలో ప్రయాణించిన కాలానికి అవి సాక్ష్యాలు. తొలి కాంటెస్సాకు 50 ఏళ్లు నిండే 2034 నాటికి నంబరు ప్లేటు సిద్ధంగానే ఉంటుంది. దాన్ని బిగించడానికి ఎన్ని కార్లు మిగిలి ఉంటాయన్నది ఈలోగా తీసుకునే నిర్ణయాలపై ఆధారపడి ఉంటుంది.