ఇంట్లో ఈతకొలను: స్థోమత ఉంది సరే, నీళ్లెక్కడివి?

2024 మార్చిలో బెంగళూరు జలమండలి ఈతకొలనుల్లో తాగునీటి వాడకాన్ని నిషేధించింది. ఉల్లంఘిస్తే 5,000 రూపాయల జరిమానా, అప్పటికీ మానకపోతే రోజుకు మరో 500. కోట్లు పెట్టి విల్లా కొన్నవారికి ఇదొక లెక్కలోది కాదు. కానీ ఇంట్లో కొలను కట్టించుకోవాలా, వద్దా అన్నది కేవలం సొంత విషయం కాదని ఆ ఉత్తర్వు తేల్చిచెప్పింది.

2023లో వర్షాలు ముఖం చాటేశాయి. కర్ణాటకలోని 236 తాలూకాల్లో 223 కరవు జాబితాకెక్కాయి. బెంగళూరులో సుమారు 14 వేల ప్రభుత్వ బోర్లుంటే దాదాపు సగం ఎండిపోయాయని ప్రభుత్వమే చెప్పింది. తన ఇంటి బోరు కూడా ఎండిపోయిందని ఉప ముఖ్యమంత్రి డీకే శివకుమార్ ప్రకటించారు. నగరానికి కావేరి నీళ్లు సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి, 500 మీటర్ల ఎత్తుకు పంపులతో ఎక్కిస్తేనే వస్తాయి. ఆ పైపులు చేరని శివార్లలోనే విల్లాలు ఎక్కువగా వెలిశాయి. వాటికి ఆధారం బోర్లు, ట్యాంకర్లే.

ఇప్పుడు ఒక కొలను లెక్క చూద్దాం. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటున 1.4 మీటర్ల లోతు అనుకుంటే దాదాపు 45 వేల లీటర్లు పడతాయి. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది కేంద్రం పెట్టుకున్న ప్రమాణం. ఆ లెక్కన నలుగురున్న ఇంటికి 83 రోజులు సరిపోయే నీళ్లివి. అదే వేసవిలో బెంగళూరు యంత్రాంగం 12 వేల లీటర్ల ట్యాంకర్‌ ధరను 5 కిలోమీటర్ల లోపు 1,000 రూపాయలుగా ఖరారు చేసింది. అంటే కొలను నింపడానికి అయ్యేది నాలుగు వేలు. నీళ్లు ఎంత కరువైనా కొనగలిగినవాడి చేతిని ధర అడ్డుకోదన్నమాట.

ఒకసారి నింపి, వడపోత సరిగా చేస్తే ఏళ్ల తరబడి నీళ్లు మార్చనక్కర్లేదన్న వాదన ఉంది. అది నిజమే. కానీ ఎండాకాలంలో రోజుకు 7 మిల్లీమీటర్లు ఆవిరైనా ఈ కొలను నుంచి 220 లీటర్లకు పైగా పోతాయి. నీళ్లకు కటకట మొదలయ్యే రోజుల్లోనే అది ఎక్కువ నీళ్లు అడుగుతుంది. మూత కప్పితే నష్టం బాగా తగ్గుతుంది గానీ పూర్తిగా ఆగదు.

‘మా స్థలం, మా బోరు’ అన్నది మరో వాదన. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం నుంచి వచ్చిన ఆలోచన ఇది. భూమి ఎవరిదో కింది నీరూ వారిదే అంటుంది. కానీ దక్కన్ రాతి నేలలో నీరు పగుళ్ల వెంట పారుతుంది, కాంపౌండు గోడ దగ్గర ఆగదు. ఒకరు లోతుకు దించితే పక్కవారి బోరు గాలి వదులుతుంది.

హైదరాబాద్‌ పరిస్థితీ దీనికి దూరం కాదు. 2024 వేసవిలో నాగార్జునసాగర్‌లో నీటిమట్టం పడిపోయి, నగరం కోసం అత్యవసర పంపింగ్ చేయాల్సి వచ్చింది. 2002 నాటి వాల్టా చట్టం బోర్ల నమోదు గురించి చెప్పింది. అయినా ఇంటి బోరు నుంచి ఎంత తోడారో లెక్కగట్టే మీటరు దాదాపు ఎక్కడా కనబడదు.

నగరాల దాహానికి కారణం కొలనులే అనడం సరికాదు. పైపుల్లో కారిపోయే నీటితో పోలిస్తే వీటి వాటా చిన్నదే. అయితే ఎండిన కుళాయి ముందు బిందెతో నిలబడ్డవారికి పక్క గేటు లోపలి నీలిరంగు నీళ్లు లీటర్ల లెక్కగా కనబడవు. అన్యాయంగా కనబడతాయి. పొదుపు చేయమని ప్రభుత్వం చెప్పే మాటకు విలువ పోయేది అక్కడే.

కాబట్టి కట్టించాలనుకునేవారు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది: బయటి నీటి చుక్క లేకుండా ఏప్రిల్ దాటగలమా? బెంగళూరులో ఏటా సగటున 970 మిల్లీమీటర్ల వాన పడుతుంది. 200 చదరపు మీటర్ల పైకప్పు నుంచి లక్షన్నర లీటర్లు పట్టవచ్చు. కొలను నింపడానికి, ఎండాకాలంలో ఆవిరయ్యే సుమారు 25 వేల లీటర్లను సంపులో దాచడానికి అది చాలు. ఆ సంపు, ఆ మూత ముందు కట్టినవారికి కొలను కట్టుకునే నైతిక హక్కు కొంత ఉంటుంది. ప్రభుత్వాలు కూడా కరవు ముంచుకొచ్చాక జరిమానాలు వేసే బదులు ప్లాను అనుమతి ఇచ్చేటప్పుడే ఈ షరతు పెట్టడం, బోరుకు మీటరు బిగించడం మేలు. ఇవేవీ కుదరవనుకుంటే ఊరంతా వాడుకునే ఒక మంచి మునిసిపల్ కొలను చాలు. అదే 45 వేల లీటర్ల చొప్పున వంద ఇళ్లు తవ్వుకోవాల్సిన పని తప్పుతుంది.