సెలవు ఎవరికి దొరికినట్లు?

వేసవి సెలవులు దగ్గరపడగానే మన పద్మనగరంలోను, కామత్‌ఘర్‌లోను ఏ ఇంట చూచినా ఒకటే ముచ్చట: "ఈసారి ఊరికి పోదామా, వద్దా?" కరీంనగరం, నల్లగొండ, వరంగల్లు, పాలమూరు - పెద్దలు విడిచి వచ్చిన ఊళ్ళే నేటికీ మన సెలవులకు గమ్యాలు. పోవలసినదే. పెండ్లిండ్లు ఉంటవి, ముసలివారి పలకరింపులు ఉంటవి, పొలం గట్టు తగవులు కూడా ఉంటవి. కాని ఆ ప్రయాణం బాధ్యత కిందికి వస్తుంది. సెలవు వేరు. ఇంటిల్లిపాది రెండు రోజులు ఊరకే కూర్చుని, నాలుగు వింతలు చూచి, కడుపునిండా నిద్రపోయి రావడమే సెలవు. దానిని గూర్చి ఈ నెల నాలుగు మాటలు చెప్పదలచినాము.

సెలవు అంటే ఖర్చు మాట రాక తప్పదు. గుమాస్తా పని చేసే మా బోటివారికి సెలవు దినాన కూడ జీతం నడుస్తుంది. సాంచాలు నడిపే అన్నదమ్ములకు అట్లా కాదు. మీటరు లెక్కన పగారు. సాంచా ఆగితే పగారు ఆగినట్లే. టిక్కెట్టు డబ్బు ఒకటి, పోయిన కూలి ఒకటి - వారికి సెలవు రెండింతల ఖరీదు. అంత పెట్టి కొన్న రెండు రోజులను ఎట్లా గడపవలెనో కొంచెం ఆలోచించుకోవద్దా?

ఇక ఇల్లాలి సంగతి చూడండి. వంట, పిల్లలు, నీళ్ళు వచ్చే వేళకు కాచుకుని బిందెలు నింపడం, తీరిక దొరికితే కండెలు చుట్టడం. ఇవి రోజూ ఉన్నవే. సెలవుకు బయలుదేరితే? ముందు రాత్రంతా పులిహోర కలపడం, రొట్టెలు కాల్చడం. సంచిలో స్టవ్వు, గిన్నెలు, పప్పు, ఉప్పు. సత్రంలో దిగీ దిగగానే మళ్ళీ పొయ్యి వెలుగుతుంది. మగవారు స్నానాలు ముగించి దర్శనానికి నడిచేసరికి ఆమె బియ్యం కడుగుతూ ఉంటుంది. ఇల్లు చేరిన తరువాత "బాగా చూచి వచ్చినాము" అని మనం చెప్పుకుంటాము. ఆమె చూచినది మన గిన్నెలనే గదా!

అందుచేత ఏ చోటు మంచిది అని ఎవరైనా అడిగితే మేము ఒక్క లెక్కనే చూస్తాము. అక్కడ ఇంటి ఆడవారికి కూడ సెలవు దొరుకుతుందా, లేదా? ఈ లెక్కతో మాకు నచ్చిన చోట్లు కొన్ని చెబుతాము.

మొదటిది వజ్రేశ్వరి. మన భివండి తాలూకాలోనే ఉన్నది, పొద్దున పోయి సాయంత్రానికి రావచ్చును. 1739లో చిమాజీ అప్పా వసాయి కోటను పోర్చుగీసువారి వద్దనుండి గెలుచుకున్న తరువాత మొక్కు తీర్చడానికి కట్టించిన గుడి అది. చుట్టుపక్కల వజ్రేశ్వరి, అకలోలి, గణేశ్‌పురిలలో తాన్సా నది పొడుగునా ఉడుకు నీటి బుగ్గలు ఉన్నవి. గణేశ్‌పురిలో 1961లో సమాధి చెందిన నిత్యానంద స్వామివారి మందిరం ఉన్నది. ఏడాది పొడుగునా సాంచాల దగ్గర నిలబడిన కాళ్ళకు ఆ నీరు ఎంతో హాయి. గుండె జబ్బు, రక్తపు పోటు ఉన్నవారు మాత్రం డాక్టరును అడిగి దిగవలెను. వానకాలంలో నదిలోకి పోరాదు. వంట సంచి ఇంట్లోనే విడిచిపోండి. గుడి దగ్గర తిండికి లోటు లేదు.

రెండవది వసాయి కోట. భివండి రోడ్డు స్టేషను నుండి వసాయి రోడ్డుకు రైలు దారి ఉన్నది. 1534లో గుజరాత్ సుల్తాను బహదూర్ షా ఆ ప్రాంతాన్ని పోర్చుగీసువారికి ఇచ్చినాడు. రెండు వందల ఏండ్లు వారు అక్కడ పాతుకుని చర్చీలు, మఠాలు, ఇండ్లు కట్టుకున్నారు. ఇప్పుడు ఆ గోడల మీద మర్రి ఊడలు దిగినవి. 1580 నుండి 1640 వరకు పోర్చుగల్ సింహాసనం మీద స్పెయిన్ రాజులే కూర్చున్నందున, మన పొరుగున ఉన్న ఈ కోట అరవై ఏండ్లు స్పెయిన్ రాజు నీడలో ఉన్నదని పిల్లలకు చెబితే కళ్ళింతలు చేసి వింటారు.

స్పెయిన్ పేరు వచ్చినది గనుక అక్కడి బసల సంగతి కూడ చెబుతాము. ఆ దేశంలో పాత కోటలను, మఠాలను బాగుచేసి ప్రభుత్వమే యాత్రికుల బసలుగా నడుపుతుంది. వాటిని పరదోర్‌లు అంటారు. మొదటిది 1928లో గ్రేదోస్ కొండలలో తెరిచినారు. గ్రనడాలోని అల్హంబ్రా కోట ఆవరణలో ఒక పాత మఠం 1945 నుండి అట్టి బసగా ఉన్నది. శాంతియాగో అనే పుణ్యక్షేత్రానికి కాలినడకన వచ్చే యాత్రికుల కోసం 1499లో రాజదంపతులు ఆజ్ఞాపించి కట్టించిన ధర్మశాల 1954లో పెద్ద హోటలు అయినది. అవన్నీ ఖరీదైన బసలు. మన మాట కాదు. కాని యాత్రికుడు అలసి వస్తాడు, అతనికి పక్క వేసి అన్నం పెట్టవలెను అన్న ఆలోచన మనకు కొత్తది కాదు. శ్రీశైలంలో, యాదగిరిగుట్టలో, వేములవాడలో మన పద్మశాలి సత్రాలు అందుకే గదా వెలసినవి!

మూడవది నాసికు, త్ర్యంబకం. మేము అన్నిటికంటె ఎక్కువగా మెచ్చినది ఇదే. ఊరికి పోయేటప్పుడు కళ్యాణులో దేవగిరి బండి ఎక్కుతాము. నాసికు రోడ్డును నిద్రలో దాటిపోయి, తెల్లవారి బాసర వద్ద గోదావరి కనబడగానే పైసలు వేసి దండం పెడతాము. ఆ గోదావరి పుట్టినది మనం నిద్రలో దాటిన చోటికి దగ్గరలోనే! త్ర్యంబకం మీది బ్రహ్మగిరిలో సన్నని ధారగా పుట్టి, 1465 కిలోమీటర్లు నడిచి సముద్రంలో కలుస్తుంది. కందకుర్తి వద్ద తెలంగాణలోకి వస్తుంది. మన తాతలు వచ్చినది కూడ ఈ వైపు నుండి ఆ వైపుకే, ఎదురు దారిలో. ఇక్కడ పుట్టిన పిల్లలు "మన ఊరు ఏది?" అని అడిగినప్పుడు చెప్పడానికి మాకు అంతకంటె మంచి జవాబు దొరకలేదు. గోదావరికి పుట్టిల్లు మహారాష్ట్రం, మెట్టినిల్లు తెలుగుదేశం. మనకు అది తలక్రిందు అయినది, అంతే.

త్ర్యంబకేశ్వరుని గుడి ఇప్పటి కట్టడం నానాసాహెబు పేష్వా పూనుకొని 1755లో మొదలుపెట్టించినది. కుశావర్త కుండంలో స్నానం, కొండ మీద నది పుట్టిన చోటు, నాసికులో పంచవటి, రామకుండం, కాలారాముని గుడి - రెండు రాత్రులు పెట్టుకుంటే తొందర లేకుండ చూడవచ్చును. కాలారాముని గుడి ముందు 1930లో అంబేడ్కరుగారు ఆలయ ప్రవేశానికి సత్యాగ్రహం నడిపిన సంగతి కూడ పిల్లలకు చెప్పవలెను. బసకు త్ర్యంబకంలో శేగాంవ్ గజానన మహారాజ్ సంస్థానంవారి భక్తనివాసం ఉన్నది. కొండ ఎక్కలేని పెద్దలను బలవంతపెట్టవద్దు, మెట్లు వందల మీద ఉన్నవి. సింహస్థ కుంభమేళా నెలలలో మాత్రం బస దొరకడం కష్టం. 2015 తరువాత వంతు 2027.

నాలుగవది మాథేరాన్. దేవుని పేరు లేని సెలవు కూడ ఒకటి ఉండవలెను గదా! కళ్యాణు నుండి కర్జతు దారిలో నేరళ్ దిగవలెను. 1907లో వేసిన చిన్న రైలు వంకరలు తిరుగుతూ కొండ ఎక్కుతుంది. వానకాలంలో నేరళ్ నుండి పైకి నడవదు. ఊరిలోకి మోటారు కార్లను రానివ్వరు. పగలు రాత్రి సాంచాల చప్పుడు విన్న చెవులకు అక్కడి నిశ్శబ్దం మొదటి రాత్రి నిద్ర పట్టనివ్వదు, రెండవ రాత్రి లేవనివ్వదు. శని, ఆదివారాలు విడిచి మిగతా రోజులలో పోతే గది అద్దె తేలికగా ఉంటుంది. షిర్డీ సంగతి మనవారికి చెప్పనక్కరలేదు. సంస్థానంవారి భక్తనివాసాలు, ప్రసాదాలయం ఉండగా అక్కడికి స్టవ్వు మోసుకుపోయేవారిని చూస్తే మాత్రం మాకు జాలి.

ఎక్కడ దిగినా పైకం ఇచ్చే ముందు నాలుగు సంగతులు అడగండి. తెల్లవారుజామున నీళ్ళు వస్తవా? స్నానాల గది గదికి చేర్చి ఉన్నదా? తలుపుకు లోపలి గడియ సరిగా పడుతుందా? భోజనం అక్కడే దొరుకుతుందా? ఒక క్షేత్రంలో మాకు ఇచ్చిన గదికి గడియ పట్టలేదు. మా ఇంటావిడ పెట్టెను తలుపుకు ఆనించి, దానిమీద కూర్చుని తెల్లవార్చినది. గోపురం ఎంత ఎత్తో మాకు గుర్తున్నది. ఆమెకు ఆ పెట్టె గుర్తున్నది.

బయట తింటే ఖర్చు గదా అంటారు. నిజమే. ఒక చోటు తగ్గించుకోండి, మూడు చూడదలచిన చోట రెండే చూడండి. మిగిలిన డబ్బు నాలుగు పూటల భోజనానికి సరిపోతుంది. ఏ ఊరికి పోదామన్న మాట కూడ ముందుగా ఆమెనే అడగండి. చాలా ఇండ్లలో ఆ ప్రశ్న ఇంతవరకు ఎవరూ ఆమెను అడిగి ఉండరు. జవాబు చెప్పడానికి రెండు రోజులు గడువు కోరినా కోరవచ్చును.

చదువరులలో మన అక్కచెల్లెండ్రు తమకు నచ్చిన చోట్లను, అక్కడి బసలను గూర్చి మాకు వ్రాస్తే రాబోయే సంచికలలో వేస్తాము. ఈసారి మగవారి ఉత్తరాలు కొంచెం ఆగవచ్చును.