సంతకం పెడితే సరిపోతుందా?

మొన్న మైపాడు బీచ్‌లో మా తమ్ముడు గుర్రం ఎక్కుతానన్నాడు. వాడికి పదమూడేళ్లు. "ఏం జరిగినా మాకు సంబంధం లేదని సంతకం పెట్టబ్బయా" అన్నాడు గుర్రం ఆయన. వాడు పెట్టేశాడు. పెన్ను ఇచ్చింది నేనే.

ఆ సంతకం చెల్లదు. 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 11 ప్రకారం మైనరు ఒప్పందం చేసుకోలేడు. 1903లో మోహరీ బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్ తేల్చింది కూడా ఇదే.

మరి నేను పెట్టుంటే? గుర్రం బెదిరి పడేస్తే, తెలిసే ఎక్కావు కదా అనొచ్చు. కానీ పాత జీను పట్టీ తెగితే అది వాళ్ల నిర్లక్ష్యం. ప్రజాహితానికి విరుద్ధమైన ఒప్పందం చెల్లదని సెక్షన్ 23 చెబుతోంది. 2019 వినియోగదారుల చట్టం కింద అన్యాయమైన ఒప్పందంపై రాష్ట్ర కమిషన్‌కీ వెళ్లొచ్చు.

అయితే కేసు గెలిచినా, రోజు సంపాదనతో బతికే ఆ మనిషి పరిహారం ఎక్కడ తెస్తాడు? అందుకే నేనడిగేది ఒక హెల్మెటు, గట్టి పట్టీ, ఇన్సూరెన్సు. కాగితం తర్వాత చూద్దాం.