తెలిసిన లెక్క తప్పుట యేల?

“తెలుగు పాఠం చెప్పుకొనేవారికి లెక్కలతో ఏమి పని?” అని మిత్రులు కొందరు నవ్వవచ్చు. నవ్వినా నష్టం లేదు. రాని లెక్క తప్పడం సహజం; అది నేర్పితే పోతుంది. వచ్చిన లెక్క తప్పడం మాత్రం విచారకరం. దానిని మనం “అజాగ్రత్త” అనే ఒక్క మాటతో కొట్టివేయడం అంతకంటె విచారకరం.

ఒక ఉదాహరణ మనవి చేస్తాము. నల్లబల్ల వద్ద అందరికంటె ముందు సమాధానం తేల్చే విద్యార్థి ఒకడు, అర్ధ సంవత్సర పరీక్ష ముగిసిన తరువాత గణితం విడిచి వేరే గ్రూపులో చేరతానని తండ్రిని వెంటబెట్టుకొని వచ్చాడు. “సాబ్, వీడికి ధ్యాస లేదు. తిట్టినాము, కొట్టినాము, ఫలం లేదు” అన్నాడు తండ్రి. పిల్లవాడు తల ఎత్తలేదు. తనకు గణితం రాదని అప్పటికే అతడు నమ్మియున్నాడు. మేము, గణితశాఖలోని మిత్రులొకరు కూర్చుండి ఆ జవాబు పత్రాన్ని ఆసాంతం పరిశీలించాము. పోయిన మార్కులు 18. విషయం తెలియక పోయినవి 3 మాత్రమే! తక్కినవన్నీ తెలిసి పోగొట్టుకొన్నవే.

అయితే ఆ 15 మార్కులూ ఒకే దారిన పోలేదు. ఒకచోట ప్రశ్నలోని 63 జవాబులో 36 అయినది. ఒకచోట కుండలీకరణం విప్పేటప్పుడు రుణచిహ్నం జారిపోయినది. ఒకచోట తాను వ్రాసిన 5ను తానే సున్నగా చదువుకొన్నాడు. రెండుచోట్ల రెండు మెట్లు మనసులోనే ఎక్కి మూడవ మెట్టు వద్ద జారినాడు. వీటన్నిటికీ ఒకే పేరు పెట్టి “జాగ్రత్తగా ఉండు” అని చెప్పడం, ప్రతి జ్వరానికీ ఒకే మాత్ర ఇచ్చినట్లున్నది. ఏది ఎందుకు తప్పినదో తెలియనివాడు దేనియందు జాగ్రత్త వహించగలడు?

మన కళాశాలవంటి చోట మరొక కారణం కూడ ఉన్నది. ఇంట ఉర్దూ, వీథిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు అంకెలు మన పిల్లల పాలిటివి. తెలుగులో “అరవై మూడు” అంటాము. పదుల స్థానం ముందు వస్తుంది. ఉర్దూలో “తిర్‌సఠ్” అంటారు. అందులో మూడు ముందు, అరవై తరువాత. “ఛత్తీస్” అన్నప్పుడు ఆరు ముందు వినబడుతుంది. ఉన్‌హత్తర్, ఉనాసీ, నవాసీ అనే మాటలు వరుసగా 69, 79, 89 అని తడుముకోకుండ చెప్పగల పెద్దలు మనలో ఎందరు? ఉర్దూ అంకెలలో అయిదు సున్నవలె గుండ్రంగా ఉంటుంది. సున్న చుక్కగా ఉంటుంది. ఆ చుక్కను దశాంశ బిందువని భ్రమపడడం ఎంత సులభం! ఉర్దూ వాక్యం కుడినుండి ఎడమకు సాగుతూ, మధ్యలో సంఖ్య రాగానే ఎడమనుండి కుడికి మళ్లుతుంది. ఇన్ని మలుపుల మధ్య నడిచే పిల్లవానిది బుద్ధిలోపం కాదు. వాని త్రోవలో మలుపులు ఎక్కువ, అంతే. ఆ సంగతి వానికి చెప్పినవారు లేరు.

ఇక దిద్దుకొనే విధానం. “ఒకసారి మళ్లీ చూచుకో” అనడం మనకు అలవాటు. మేము పత్రికల ప్రూఫులు దిద్దిన అనుభవంతో చెబుతున్నాము: తాను వ్రాసినదాన్ని తాను వెంటనే చదివితే, కన్ను కాగితం మీద ఉన్నదాన్ని చూడదు, మనసులో ఉన్నదాన్ని చూస్తుంది. తప్పిన వత్తు తప్పినట్లే ఉండిపోతుంది. లెక్క కూడ అంతే. మళ్లీ చూచుకోవడం కాదు, వేరు త్రోవన చూచుకోవడం కావాలి. పద్దులు వ్రాసే పాత గుమాస్తాలు పైనుండి క్రిందికి ఒకసారి, క్రిందినుండి పైకి మరొకసారి కూడేవారు. అందులోని వివేకం ఇదే.

పూర్వులు ఈ అవసరాన్ని ఎన్నడో గుర్తించారు. తొమ్మిదులు తీసివేసి లెక్కను పరీక్షించే పద్ధతికి అరబ్బీ గణితవేత్తలు “మీజాన్”, అనగా త్రాసు, అని పేరు పెట్టారు. 347ను 26తో గుణిస్తే 9022. 347 అంకెలను కూడితే 14, మరల కూడితే 5. 26కు 8. అయిదెనిమిదులు 40, అనగా 4. 9022 అంకెలను కూడితే 13, అదీ 4. త్రాసు సరిపోయినది. పొరపాటున 8922 అని వ్రాస్తే 3 వస్తుంది, తప్పు బయటపడుతుంది. అయితే 9202 అని అంకెలు తారుమారైతే ఈ త్రాసు పట్టలేదు. అప్పుడు 26తో భాగించి చూడాలి. కనుక ఒక్క త్రాసునే నమ్మరాదు. సమీకరణమైతే మూలాన్ని తిరిగి అందులో పెట్టి చూడాలి. మాటల లెక్కయితే సమాధానం ఎంత ఉండవచ్చునో ముందే ఉజ్జాయింపుగా అనుకోవాలి.

ఇవి పిల్లల చేష్టలని ఎవరూ అనుకోరాదు. 1999 సెప్టెంబరు 23న అమెరికావారి ‘మార్స్ క్లైమేట్ ఆర్బిటర్’ అంగారకుని చెంత నశించినది. ఒక బృందం పౌనుల ప్రమాణంలో ఇచ్చిన లెక్కను మరొక బృందం న్యూటన్ల ప్రమాణమని తీసుకొన్నది. ఉభయులూ ఉద్దండులే. లోపించినది జ్ఞానం కాదు, సరిచూచుకొనే ఏర్పాటు.

తల్లిదండ్రులకు మా మనవి: తప్పినప్పుడు తిట్టకండి, తప్పిన చోటు వానిచేతనే వెదకించండి. వేగాన్ని పొగడడం తగ్గించండి. “ఎంత త్వరగా చేసినాడో!” అని మురిసిపోయే ఇంటిలో పిల్లవాడు మెట్లు విడువక ఏమి చేస్తాడు? విద్యార్థులకు మా సలహా: ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకొనండి. తప్పిన ప్రతి లెక్కకూ తేదీ, తప్పిన పంక్తి, తప్పు జాతి వ్రాయండి. నెల తిరిగేసరికి మీ శత్రువులు వంద కారనీ, ముగ్గురో నలుగురో మాత్రమేననీ తెలుస్తుంది. అప్పుడు మీరు పోరాడగలరు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. నేటి ప్రవేశ పరీక్షలలో యంత్రానికి మెట్లతో పనిలేదు. పొరపాటున వచ్చే సమాధానం కూడ నాలుగింటిలో ఒకటిగా ఎదుట నిలిచి పిలుస్తుంది. కావున ప్రతి పరీక్ష తరువాత జవాబు పత్రాలు పిల్లల చేతికిచ్చి, ఒక పీరియడు కేవలం తప్పుల పరిశీలనకే కేటాయించండి. “తెలియక పోయినవి”, “తెలిసి పోయినవి” అని మార్కులను రెండు గళ్లలో చూపించండి. దీనికి నిధులు అక్కరలేదు, ఓపిక చాలును.

పైన చెప్పిన విద్యార్థి గ్రూపు మారలేదు. మూడు నెలలు నోటు పుస్తకం వ్రాశాడు. తరువాతి పరీక్షలోనూ తప్పులు చేశాడు. కాని అతడు తెలిసి పోగొట్టుకొన్నవి 4 మార్కులే. ఆ పత్రం పట్టుకొని వచ్చిననాడు అతడు తల ఎత్తి మాట్లాడాడు. మాకు ఆ 11 మార్కుల కంటె ఆ ఎత్తిన తలయే ముఖ్యం.