బోర్డు పెట్టే ముందు

ప్రశ్న: మా అమ్మాయి ఎం.ఏ. సైకాలజీ ప్యాసయింది. ఇక్కడే గది తీసుకుని క్లినికల్ సైకాలజిస్టుగా బోర్డు పెడతానంటోంది. పెట్టవచ్చునా?
— ఒక తల్లి, హనుమాన్ జంక్షన్

జవాబు: అప్పుడే వద్దమ్మా. ఎం.ఏ. ఒక్కటే చాలదు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన క్లినికల్ సైకాలజీ కోర్సు చదవాలి. చాలాకాలంగా అది బెంగుళూరు నిమ్హాన్స్ వంటి చోట్ల రెండేళ్ల ఎం.ఫిల్. ఆ చేరికలను యు.జి.సి. 2024లో 2025-26 వరకే పొడిగించింది. కనుక ఏ కోర్సుకైనా కౌన్సిల్ గుర్తింపు ఉన్నదీ లేనిదీ ముందే విచారించండి.

అనుభవజ్ఞుల పర్యవేక్షణలో రోగులను చూస్తేనే ఈ విద్య అబ్బుతుంది. ఆత్మహత్య తలపుతో వచ్చినవారిని పోల్చుకోలేకపోతే పోయేది ప్రాణం. చదువయ్యాక కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. అది లేకుండా ప్రాక్టీసు చేస్తే 1992 చట్టం క్రింద జైలుకో, జరిమానాకో గురికావలసి వస్తుంది. మందులు వ్రాయడం మాత్రం అప్పటికీ సైకియాట్రిస్టు పనే.