విత్తు నిలుపుకొనలేని వారమా?

మన సంచికలలో సంస్కృతీ పరిరక్షణమును గూర్చిన వ్యాసములు ఏటేట వెలువడుచునే యున్నవి. వేదికలపై పూలదండలకును, ఉపన్యాసములకును కొదువ లేదు. అయినను భివండీలో పద్మానగరమునందు గాని, కామత్‌ఘర్‌నందు గాని, తాతల నాటి విత్తు నుండి మొలచిన మిరపమొక్క ఎన్ని తెలుగు ఇండ్లలో కలదని ఎవరైన అడిగినచో, బదులు చెప్పుటకు మనకు నోరు రాదు.

చోటు లేదందురు. అడుగు లోతు గల పాత డబ్బా, దాని అడుగున నాలుగు చిల్లులు, పూటకు నాలుగైదు గంటల యెండ - మిరప ఇంతకు మించి కోరదు. మరమగ్గముల నుండి లేచు నూగు ఆకులపై పేరుకొనునందురు. నిజమే, నీళ్లు చల్లి కడిగినచో పోవును. మన ఊపిరితిత్తులకు పట్టిన నూగును గూర్చి ఇంత శ్రద్ధ చూపితిమా?

మరికొందరు పండితులు, మిరప అమెరికా ఖండముల నుండి పోర్చుగీసు వారి ఓడలలో వచ్చినది గదా, అందు మన సంస్కృతి యేమున్నదని ప్రశ్నింతురు. మరమగ్గము మాత్రము మన తాతలు కనిపెట్టినదా? మనము దానితో బ్రదికితిమి, అది మనదైనది. మిరపయును అట్లే.

కారము లేని మిరపకు మరాఠీ సోదరులు ఢోబళీ మిర్చీ అని పేరు పెట్టిరి. మన ఊళ్లలో బెంగుళూరు మిరప యందురు. బజారున దొరకు ఆ పచ్చికాయ నుండి గింజలు తీసి నాటి, మొలవలేదని విసుగుచెందువారు కలరు. పచ్చికాయలో గింజ ముదరదు. పండిన కాయనే తెచ్చి నాటినను, అది సంకరజాతిదైనచో మరుతరమున రూపము చెదరును. ఏటేట విత్తన సంచి కొనక తప్పదు. మనమీ యాధారపడుటకే నాగరికత యని పేరు పెట్టుకొంటిమి. సంకరము కానిది మాత్రము తల్లి పోలికనే పుట్టును. 1928లో అమెరికాలో వెలువడిన కాలిఫోర్నియా వండర్ అట్టిదే. దాని విత్తు నేటికిని తరతరముగా నిలుపుకొనవచ్చును.

అంత దూరమేల? మనలో అనేక కుటుంబములకు ఓరుగల్లు సీమ పుట్టినిల్లు. ఆ సీమలోనే చపాటా మిరప పండుచున్నది. టమాటా వలె బొద్దుగా, కెంపురంగున నుండు ఈ కాయకు కారము స్వల్పము, రంగు అధికము. పచ్చళ్లకు పెట్టినది పేరు. 2025లో దానికి భౌగోళిక సూచిక లభించినది. ఆ వార్త చదివి పొంగిపోయితిమి. విత్తు తెప్పించుకొన్నవారెందరు?

విత్తు నిలుపుట నేతగాని యింట కష్టమనుట సిగ్గుచేటు. మిరపపువ్వు తన పుప్పొడితోనే కాయ కట్టగలదు గాని, తేనెటీగలు ప్రక్కమొక్క పుప్పొడిని తెచ్చును. కారపు గుణము బలమైనది. తీపి మిరప పువ్వునకు కారపు మిరప పుప్పొడి తగిలినచో, ఆ యేటి కాయ మారదు, కాని దాని గింజ నుండి వచ్చు మొక్కలు కారముగా కాయును. కావున మొగ్గ విచ్చకముందే పలుచని నూలుగుడ్డ సంచి తొడుగవలెను. బట్టకు మన యింట కరవా? దినమునకొకసారి కొమ్మను మెల్లగా తట్టి, కాయ కట్టిన పిదప సంచి తీసి, ఆ కాయకు రంగు పోగొకటి గుర్తుగా కట్టవలెను. పూర్తిగా పండిన పిమ్మట గింజలు తీసి నీడన ఆరబెట్టి, తడి తగులని సీసాలో నుంచినచో రెండు మూడేండ్లు మొలకెత్తును. సైజింగు నీరు మాత్రము మొక్కకు పోయరాదు.

ఇట్లు విత్తు దాచుటకును, ఇచ్చి పుచ్చుకొనుటకును రైతునకు గల హక్కును 2001 నాటి చట్టము స్పష్టముగా అంగీకరించినది. మనకు అడ్డు చట్టము కాదు, సోమరితనము.

మన పెద్దలను ఒకటి అడుగుచున్నాము. ఇచ్చటి జడివానలలో లేతమొక్క కుళ్లును గాన, ఆగస్టులో చూరుక్రింద నారు పోసినచో, వానలు వెనుకపట్టు పట్టి బతుకమ్మ వచ్చునాటికి అది నాటుటకు సిద్ధమగును. ఆటకు వచ్చిన ప్రతి ఆడపడుచు చేతిలో ప్రసాదముతో పాటు ఒక నారుమొక్క నుంచుడు. సంఘపు బీరువాలో జ్ఞాపికలకు మూడరలు కేటాయించితిరి. ఒక అర ఖాళీ చేసి సీసాలు పెట్టుడు. ప్రతి సీసాపై విత్తు పేరు, వచ్చిన ఊరి పేరు, ఏడు తెలుగులో వ్రాయవలెను. వ్రాయుటకు పిల్లలను పిలువుడు.